పాత బెంజికి ఇంటివైద్యం

బెంజికారు అంటే మనవాళ్ళకు మొదటినుంచీ ఒక గౌరవం. విజయవాడలో ఒక పెద్ద కూడలికే ఆ పేరున్నది. టాటావారు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజి కంపెనీతో ఒడంబడిక చేసుకొని లారీలు తయారుచేసిన రోజుల్లో, ముక్కుమీద మూడు కోణాల నక్షత్రంతో వచ్చే లారీని పిల్లలు వీధి చివరిదాకా వెంబడించేవారని మా పెద్దలు చెప్పేవారు.

ఇంతటి గౌరవంగల వస్తువు పాతబడి మన ఇంటిముందు నిలిచినప్పుడు ఆ గౌరవమే భయంగా మారుతుంది. చిన్న దీపం వెలగకపోయినా “అమ్మో, బెంజి! మనం చెయ్యి పెట్టరాదు” అనుకుంటాము. మరమ్మతుకు తీసుకువెడితే అక్కడివారు కూడా కారుకంటె ముందు నక్షత్రాన్ని చూసి పద్దు వ్రాస్తారు. మేమూ చాలాకాలం అట్లాగే భయపడ్డాము. ఆ భయం ఎట్లా పోయిందో, పోయిన తరువాత ఏమేమి నేర్చుకున్నామో వ్రాస్తే మన సంఘంలో పాతకార్లున్న కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు.

కారు మా బావగారిది. పీణ్య రెండవ స్టేజిలో ఆయనకు చిన్న లేతు షాపున్నది. ఈ కారు 1982 నాటి 240డి. జర్మనీలో 1976 మొదలుకొని సుమారు పదేళ్ళు తయారైన 123 అనే వరుసలోది. ఆ వరుసలో అన్ని రకాలూ కలిసి దాదాపు 27 లక్షల కార్లు వచ్చాయి. ఈ డీజిలు రకాన్ని ఆ దేశంలో టాక్సీలకు తోలేవారు. ఇక్కడ మాత్రం రాజావారి వాహనం! ఒక దౌత్యకార్యాలయం వాడి వదిలిన దానిని, అట్లాంటి కార్లు అమ్మిపెట్టే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా బావగారి నాన్నగారు 1989లో కొన్నారు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

2025 జూలైలో ఒక ఆదివారం సాయంత్రం మేము పీణ్య వెళ్ళి మెట్రో దిగి షాపు చేరేసరికి వీధిలో పదిమంది గుమిగూడి ఉన్నారు. కారు ఇంజను నడుస్తున్నది. తాళంచెవి బావగారి చేతిలో ఉన్నది. “గాడి నిల్తా ఇల్ల సార్!” అని వాచ్‌మన్ మాకు ఎదురువచ్చాడు. తాళం తిప్పి తీసేసినా ఇంజను ఆగలేదట. బావగారు మమ్మల్ని చూసి, “ఏమోయ్, దయ్యం పట్టిందా దీనికి?” అంటూ, మేము వద్దనేలోపల బ్యాటరీ తీగ ఊడదీశారు. ఇంజను తన దారిన తాను నడుస్తూనే ఉన్నది.

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనులాగా నిప్పురవ్వ అక్కర లేదు. గాలిని గట్టిగా అదిమితే వచ్చే వేడికే నూనె మండుతుంది. కనుక కరెంటు తీసేస్తే అది ఆగదు, నూనె ఆపితేనే ఆగుతుంది. పైగా, నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ తీగ తీయడంవల్ల ఆల్టర్నేటరుకు చేటు. మా తొందరకు దాని రెగ్యులేటరు పోయింది. అది వెనకవైపు రెండు స్క్రూలతో బిగించిన చిన్న ముక్క గనుక మేమే మార్చుకున్నాము. కాని అది కట్టవలసిన జరిమానా కాదు. ఇట్లాంటప్పుడు చేయవలసింది ఏమంటే, బానెట్ ఎత్తి, ఇంజెక్షన్ పంపు దగ్గర “స్టాప్” అని వ్రాసి ఉన్న మీటను నొక్కి పట్టడం. నూనె ఆగి ఇంజను నిలుస్తుంది. చేతి గేర్లున్న కారయితే నాలుగో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలినా నిలుస్తుంది. మీట ఎక్కడున్నదో పగటిపూట తీరికగా చూసి ఉంచుకోవడం మంచిది. మేము ఆ సాయంత్రం టార్చిలైటుతో వెతుక్కున్నాము.

మర్నాడు కారును ఒక గ్యారేజీకి చూపించారు. ఇంజెక్షన్ పంపు విప్పాలి, లక్షకు తక్కువ కాదు, అంతకంటె తూకానికి వేయడం మేలు అన్నారట. ఆ నవంబరుతో రిజిస్ట్రేషను గడువు కూడా తీరుతున్నది. పదిహేనేళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకొకసారి దానిని పొడిగించుకోవలె గదా. విదేశం నుంచి వచ్చిన కారుకు ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు చేశారు. 2025 ఆగస్టులో, ఇరవయ్యేళ్ళు దాటినవాటికి 80,000 చేశారు. లక్షా, ఎనభైవేలూ కూడితే ఎంత ప్రేమ ఉన్నవాడికైనా ఆలోచన పుడుతుంది. బావగారు అమ్మేద్దామన్నారు. మా అక్కయ్య ఏమీ అనలేదు. బావగారి అమ్మగారు, అత్తయ్యగారు, ఆమె కూడా ఏమీ అనలేదు గాని, కారుమీద కప్పే గుడ్డ జారితే తీసి సరిగా కప్పి లోపలికి వెళ్ళారు. ఇక పైన వచ్చిన ఆదివారాలన్నీ మేము పీణ్యలోనే గడిపాము.

ఆగని ఇంజను రహస్యం ఇది. ఈ కారులో ఇంజను ముందువైపు గాలి పీల్చే ఒక పంపున్నది. దానిని మెకానిక్కులు వాక్యూమ్ పంపు అంటారు. ఆ పీల్పుతో మూడు పనులు జరుగుతాయి. బ్రేకుకు బలం ఇవ్వడం ఒకటి. తాళం తిప్పినప్పుడు ఒక రబ్బరు పొరను లాగి నూనె ఆపడం రెండవది. నాలుగు తలుపుల తాళాలు, డిక్కీ, డీజిలు ట్యాంకు మూత ఒక్కసారిగా వేయడం, తీయడం మూడవది. అన్నిటికీ మూలం ఒకటే గనుక ఏ సన్నగొట్టంలో గాలి చొరబడినా మిగతావాటి పీల్పు తగ్గుతుంది. అంటే వెనకతలుపు తాళంలో రబ్బరు చిరిగితే, ముందున్న ఇంజను ఆగనంటుంది. ఈ సంబంధం తెలియక ఎంతమంది పంపులు విప్పించుకున్నారో!

తప్పు ఎక్కడున్నదో కనుక్కోవడానికి మేము వాడిన యంత్రం మందుల దుకాణంలో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి. దాని ముక్కుకు ఒక రబ్బరు గొట్టం తొడిగి, అనుమానం ఉన్న గొట్టానికి తగిలించి, కాడ వెనక్కి లాగి వదలాలి. కాడ మళ్ళీ లోపలికి పోతే గొట్టం గట్టిది. లాగినచోటనే నిలబడిపోతే ఎక్కడో గాలి దూరుతున్నదన్నమాట. కొందరు నోటితో పీల్చి చూస్తారు. వద్దు, ఇంజను ఆయిలు నోట్లోకి రావచ్చును. గొట్టంలో ఆయిలు కనబడిందంటే, నూనె ఆపే పొరే చిరిగిందని గుర్తు.

ముందుగా ఇంజను దగ్గర తలుపుల తాళాలకు పోయే శాఖను ఊడదీసి, దాని మూలాన్ని మూసి, ఇంజను నడిపి తాళం తిప్పాము. ఇంజను టక్కున ఆగింది! బావగారు నాలుగుసార్లు నడిపి నాలుగుసార్లు ఆపారు. తరువాత కార్పెట్ ఎత్తి ఒక్కొక్క తలుపు గొట్టానికి సిరంజి పెడితే, ఎడమవైపు వెనకతలుపు దొంగగా తేలింది. తలుపు లోపలి అట్ట విప్పడానికే ఒక పూట పట్టింది. చెయ్యి ఆనించుకొనే పట్టీ స్క్రూలు ముందు తీసి, అంచుల క్లిప్పులు నెమ్మదిగా వదిలించి, అట్టను పైకి ఎత్తవలె. బలవంతం చేస్తే నలభైయేళ్ళ అట్ట అప్పడంలా విరుగుతుంది. లోపల చూద్దుము గదా, తాళాన్ని కదిలించే రబ్బరు పొర నిలువునా పగిలి ఉన్నది. ఆ తలుపు గొట్టానికి బిరడా పెట్టి ప్రస్తుతానికి పని నడిపించాము. తరువాత జె.సి. రోడ్డులో రెండు వారాలు తిరిగితే పాత సామానులో మంచిది ఒకటి దొరికింది. కంపెనీవారు కూడా తమ క్లాసిక్ విభాగం ద్వారా పాతకార్ల భాగాలు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. ఖరీదు మాత్రం నక్షత్రానికి తగినట్టే ఉంటుంది.

గొట్టాలు కలిసేచోట ఉండే చిన్న రబ్బరు మూతులు కూడా గట్టిపడి చీలుతాయి. దారిలో చీలితే తాత్కాలికంగా సైకిలు వాల్వుట్యూబు ముక్క తొడిగి ఇల్లు చేరవచ్చును.

బ్రేకుకూ ఇదే పీల్పు అని చెప్పితిమి గదా. అందుకని ఇంజను ఆగనంటే తాళంతో సరిపెట్టుకోక బ్రేకు కూడా చూసుకోవలె. ఇంజను ఆపి బ్రేకును అయిదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అట్లాగే ఉంచి ఇంజను నడిపితే పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే ఆ కారును వీధిలోకి తీయరాదు. అది మన చేతిపని కాదు, తెలిసినవాడికి అప్పగించవలసిందే. ఈ పరీక్ష బెంజికే కాదు, మీ ఇంట్లో ఏ కారుకైనా పనికివస్తుంది.

తరువాతి ఆదివారం ఫ్యూజులు. ఈ కార్లలో ఫ్యూజులు తుపాకీ గుండు ఆకారంలో, పింగాణీ మీద సన్నని లోహపుపట్టీతో ఉంటాయి. తెల్లవి 8 ఆంపియర్లు, ఎర్రవి 16. అవి మాడకపోయినా, మొనలు తుప్పుపట్టి కరెంటు సాగనివ్వవు. వైపరు నిలిచినా, హారను మూగబోయినా, వెనకదీపం ఒకటి అలిగినా ముందు పెట్టె మూత తీసి, స్విచ్చి ఆపి, ఫ్యూజులను ఒక్కొక్కటి వేలితో తిప్పండి. సగం జబ్బులు ఆ తిప్పుడుకే పోతాయి. మాకు మూడు దీపాలూ, ఫ్యానూ తిరిగివచ్చాయి. మిగిలినవాటి కొనలు ఎమెరీ కాగితంతో తుడిచి, వీలైతే కొత్త రాగిపట్టీ ఫ్యూజులు వేసుకోవచ్చును. మాడిన ఫ్యూజు స్థానంలో వెండికాగితం చుట్టి పెట్టే అలవాటు కొందరికున్నది. అది కారుకు కొరివి పెట్టడమే!

పొద్దున్నే స్టార్టు కాకపోవడం ఇంకొక ఫిర్యాదు. మొదట హీటర్ ప్లగ్గులు అనుమానించాలి. నాలుగున్నాయి. వాటి రిలేలో 80 ఆంపియర్ల పట్టీ ఫ్యూజు ఒకటి ఉన్నది. అది చీలితే నాలుగూ పనిచేయవు. అది బాగానే ఉంటే ప్లగ్గు తీగ ఊడదీసి, టెస్టులాంపు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస ప్లగ్గు తలకు ఆనిస్తే, వెలిగినది మంచిది, వెలగనిది పోయినది. పోయినదాన్ని తీసేటప్పుడు మాత్రం ఇంజనును వేడిచేసి, పానాతో కొద్దికొద్దిగా వదులుచెయ్యాలి. విరిగితే హెడ్డే దించవలసి వస్తుంది. మాకొకటి రాలేదు. మూడుతోనే నడుపుతున్నాము, బెంగళూరు చలికి ఇది చాలును.

డీజిలు ఫిల్టర్లు రెండూ మార్చినప్పుడు లోపలికి గాలి చేరుతుంది. ఇంజెక్షన్ పంపు పక్కన చేతిపంపు పిడి ఉన్నది. దానిని వదులుచేసి బిగువు తగిలేదాకా కొడితే ఎయిర్ పోతుంది. స్టార్టరును అదేపనిగా తిప్పి బ్యాటరీ తినరాదు.

గేర్లకాడ పులుసులో గరిటెలాగా తిరుగుతుంటే గేర్‌బాక్సు పోయిందని బెదిరిస్తారు. చాలాసార్లు పోయేవి కడ్డీల కొసన ఉండే ప్లాస్టిక్ బుష్షులు. ఇక్కడ పీణ్యలో ఉన్న సుఖం తెలిసివచ్చింది. బావగారు నైలాన్ కడ్డీ ముక్క తెచ్చి, పాత బుష్షు కొలత వెర్నియరుతో చూసి, భోజనానికి లేచేలోపల లేతుమీద కొత్తవి కోసి ఇచ్చారు. లేతు లేనివారు పక్కవీధిలో అడిగితే చాలు. వీధికి నాలుగు షాపులున్న పేట ఇది.

అద్దం కింద, బానెట్ వెనక, గాలి లోపలికి వచ్చే తొట్టివంటి చోటు ఉన్నది. మన ఊళ్ళో చెట్లు రాల్చే ఆకంతా అక్కడ చేరి నీరు పోయే కన్నాన్ని మూస్తుంది. వాన నీరు ఇక లోపలికే దిగి, కాళ్ళకింద రేకును తినేస్తుంది. మేము పిడికెళ్ళతో ఆకు తీశాము. రేకు అప్పటికే ఒకచోట వేలుపట్టేంత పోయింది. దాన్ని వెల్డరుకు వదిలాము.

స్టీరింగు పెట్టె, బ్రేకు సిలిండర్లు, ఇంజెక్టర్లు మేము తాకలేదు. ఇంజెక్టరు నుంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. జాకీ ఒక్కటే పెట్టి కారుకిందకు దూరడం కూడా మా వ్రతంలో నిషిద్ధం. గట్టి స్టాండ్లు లేనిదే బావగారు ఎవరినీ కిందకు పోనివ్వరు, ఒకసారి మమ్మల్ని కాలుపట్టి ఇవతలకు లాగారు.

గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే టాక్సీ డ్రైవరు, ఇదే పేరుతో ఇంతకు ముందటి ఒడ్డూపొడుగులో వచ్చిన 1976 నాటి 240డిని, ఇంజనులు మార్చి మార్చి వేసుకుంటూ 46 లక్షల కిలోమీటర్లు తోలి, 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. మా కారు అందులో పదోవంతు కూడా తిరగలేదు. ఈ సంగతి బావగారికి చెబితే, “అయితే ఇది ఇంకా బడికి పోయే పిల్లే” అన్నారు.

అక్టోబరు చివర ఎనభైవేలూ కట్టారు. తణిఖీ రోజున ఇనస్పెక్టరు ఇంజను ఆపమన్నప్పుడు మేము ఊపిరి బిగబట్టాము. బావగారు తాళం తిప్పారు. ఆగింది. ఇంటికి వచ్చాక అత్తయ్యగారు ముందుసీటులో కూర్చుని మల్లేశ్వరం గుడిదాకా వెళ్ళివచ్చారు. దిగేటప్పుడు డాష్‌బోర్డు గడియారం వైపు చూసి, “ఇది ఆయన ఉండగానే ఆగిపోయింది” అన్నారు. వచ్చే ఆదివారం దాన్ని విప్పుతాము.