కుచ్చిళ్ళు ముందుకా, వెనక్కా?

కోనసీమలోని పలివెల ఉమా కొప్పులింగేశ్వరస్వామి సన్నిధిలో పెళ్ళి జరుగుతుంటే నా చూపు పెళ్ళికొడుకు మీద కన్నా అతనికి పంచె కడుతున్న మనిషి మీదే నిలుస్తుంది. మావయ్యో బాబాయో, ఇంటి పెద్దాయన ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, "కదలకురా, చెంగు జారిపోద్ది" అంటూ కుచ్చిళ్ళు పోస్తుంటాడు. పసుపు రాసిన మధుపర్కాలు. కత్తెర ఎరగని గుడ్డ, సూది ఎరగని గుడ్డ. ఆ వేళ్ళే దర్జీ పని చేస్తాయి.

ఆ వేళ్ళకి ఇప్పుడు పని తగ్గుతోంది. కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుముకు వెల్క్రో అతికించిన రెడీమేడ్ పంచెలు వచ్చేశాయి. పిల్లలు కనీసం అలాగైనా కడుతున్నారని సంతోషమే. కానీ ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన వాళ్ళున్నారు. వాళ్ళు స్కాట్లాండు కొండసీమ మగవాళ్ళు, వాళ్ళది కిల్టు.

కిల్టు కూడా మొదట కట్టుకునే గుడ్డే. 16వ శతాబ్దం చివరికే వాడుకలో ఉన్న దాన్ని గేలిక్ భాషలో 'ఫేలె మోర్' అన్నారు, అంటే పెద్ద కిల్టు. తోలుపట్టీ నేలమీద పెట్టి, దానిపై గళ్ళ ఉన్ని గుడ్డ పరిచి, చేత్తో మడతలు పేర్చి, దానిమీద పడుకుని నడుముకు బిగించుకుని లేచేవారు. మిగిలిన సగం భుజానికి. వానొస్తే తలమీదికి. రాత్రయితే అదే దుప్పటి. మన రైతు తువ్వాలు పొద్దున తలపాగా, మిట్టమధ్యాహ్నం చెమట గుడ్డ, గట్టుమీద కునుకు తీస్తే పక్క అయినట్టు. 18వ శతాబ్దం తొలి భాగంలో పై సగం తీసేసి, నడుము కిందికే కట్టే 'ఫేలె బెగ్', చిన్న కిల్టు, వ్యాపించింది.

ఆ కొండసీమలో లేచిన తిరుగుబాటును అణిచాక 1746లో బ్రిటిష్ పార్లమెంటు ఆ కట్టునే నిషేధించింది. సైన్యంలో చేరినవాళ్ళకే మినహాయింపు. మామూలు మనిషి మొదటిసారి దొరికితే ఆరునెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరం. మొలకు చుట్టుకున్న గుడ్డకి అంత శిక్ష! 1782లో చట్టం రద్దయింది. 1790ల్లో మడతలు కుట్టేసిన కిల్టు వచ్చింది. తొలినాటి ఆ కుట్టు కిల్టుకి సుమారు 4 గజాల గుడ్డ పట్టేది. 4 గజాలంటే మన 8 మూరలు. మన పంచె కొలతే! తరువాత సన్న మడతలు పెరిగి 8 గజాల దాకా పోయింది. మడతల్లోనూ రెండు రివాజులు: గళ్ళ వరస వెనక చెదరకుండా కుట్టడం ఒకటి, సైనిక దళాల్లోలాగా ప్రతి మడతమీదా ఒకే చార నిలిచేలా కుట్టడం ఇంకొకటి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ నడిపిన సంబరాల్లో కిల్టు జాతి వేషమైపోయింది.

వాళ్ళ మడతలు వెనక, ముందు చదునుగా ఉంటుంది. మన కుచ్చిళ్ళు ముందు, వెనక గోచీ. ఆ గోచీలోనే కోనసీమ కాయకష్టమంతా ఉంది. ఇంట్లో వాలుకుర్చీలో అడ్డపంచె చాలు, గోచీ అక్కర్లేదు. బురదచేలో దిగితే అదే మోకాళ్ళపైకి ఎగ్గట్టి, కింది అంచు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి బిగిస్తారు. కొబ్బరి దింపు తీసేవాడికి ఆ బిగింపు ప్రాణానికి సంబంధించిన సంగతి. చెట్టు సగంలో చెంగు జారితే సర్దుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పంక్తిలో కూర్చోబోయే పెద్దాయన కట్టు వేరు: ఒక చెంగు గోచీగా వెనక్కి, రెండోది కుచ్చిళ్ళుగా బొడ్డు దగ్గర, భుజాన కండువా. వైఎస్ రాజశేఖరరెడ్డి తెల్ల పంచెకట్టుని రాష్ట్రమంతా గుర్తుపట్టింది ఈ పోలికతోనే. అర్చకుడిది పంచకచ్చం, ఐదు చోట్ల దోపుతారు కనుక ఆ పేరు. గుడ్డ మారలేదు, మనిషి చేసే పని మారింది, కట్టు మారింది.

కుట్టిన కిల్టుకి అందం ఉంది, నిలకడా ఉంది. పోయిందేమిటంటే, పొద్దున్నే గుడ్డ పరిచి ఈ రోజు ఎలా కట్టుకోవాలని తేల్చుకునే ఆ కాసింత సమయం. మన ఇళ్ళల్లో అది ఇంకా మిగిలే ఉంది. అందుకే కుట్టిన పంచె కొనే నాన్నలకి నాదొక మాట: దాంతోపాటు ఒక చాపు మామూలు పంచెలూ కొనండి. ఓ ఆదివారం వాకిట్లో పిల్లాణ్ణి నిలబెట్టి కట్టడం నేర్పండి. పదిసార్లు జారుతుంది, జారనివ్వండి.

పలివెల దేవుడు కొప్పున్న లింగం. అర్చకుడి మాట నిలబెట్టడానికి రాజు ఎదుట శివుడు జుట్టు చూపించాడంటారు. ఆ గుడినుంచి పెళ్ళివారు ఇల్లు చేరాక, మధుపర్కాలు తడిపి పెరట్లో కొబ్బరితాడు మీద ఆరేస్తారు. పొద్దున అంత శ్రద్ధగా పోసిన కుచ్చిళ్ళ జాడే ఉండదు. ఎనిమిది మూరల తిన్నని గుడ్డ, అంచున ఎర్రగీత, గోదావరి గాలికి ఊగుతూ.