పాత్రవర్గముల తూకము

ఇరుపక్షములకు బలము సమముగా నున్నప్పుడే ఆట న్యాయమైనదని సామాన్యాభిప్రాయము. చదరంగమున ఇరువురికిని పదియాఱేసి కాయలు, ఒకే విధమైన నడకలు. తొలియెత్తు ఎవరిదను చిన్న చిక్కు తప్ప అచ్చట తూకమును గూర్చిన ప్రశ్న పుట్టదు. కాని మన పల్లెల అరుగులమీదను, దేవాలయ మంటపముల బండలమీదను చెక్కిన పులిజూదపు గీతలను చూచినవారికి వేఱొక న్యాయము గోచరించును.

ప్రాంతభేదమున సంఖ్యలు మాఱుచున్నను, విశేషప్రచారము గల రీతిలో 3 పులులు, 15 మేకలు, 23 బిందువులు ఉండును. మేకమీదుగా దాటి ఆవలి ఖాళీబిందువున వ్రాలినచో పులి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. పులికి కదల చోటు లేకుండ చేయుటయే దాని గెలుపు. మేకలను ఒక్కొక్కటిగా దింపవలెను; అన్నియు దిగువఱకు ఏ మేకయు కదలరాదు. ఇది చూడగానే పులిపక్షమే మేలని తోచును. ఐనను లెక్కించి చూడుడు: ఒక్క మేకయు చావకుండ పదునైదును దిగినచో 23 బిందువులలో మిగులు ఖాళీలు 5 మాత్రమే. ఈ ఆటలో తూకము పులి కోఱలయందును లేదు, మేకల సంఖ్యయందును లేదు. ఆ యైదు చోట్లయందున్నదని మా అభిప్రాయము.

ఈ విషయము మాకు స్ఫురించినది పల్లెలో కాదు, చందానగర్‌లో. మియాపూరునకును లింగంపల్లికిని నడుమనున్న ఆ పేటలో ఒక మిత్రుని యింట ఐటీ ఉద్యోగులైన యువకులు శనివారపు రాత్రి బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణక్రీడను మేము చూచితిమి. వారిలో ఒకడు సూత్రధారి. లోకమును, శత్రువులను, గాలివానలను అతడే పలుకును. తక్కిన నలుగురు ఒక్కొక్క పాత్రను ధరించి తాము చేయునది నోట చెప్పుదురు. ఫలము సందిగ్ధమైనచోట పాచిక తీర్పు చెప్పును. పేరు మన నాటకములదే యైనను ఇచ్చటి సూత్రధారికి సంభాషణములు ముందుగా తెలియవు.

నాడు మాంత్రికపాత్ర ధరించిన యువకుడు క్రొత్తవాడు. వారు పాతకాలపు నియమములతో ఆడుచుండిరి. మొదటి అరగంటలోనే అతడు తనకున్న ఒకే మంత్రమును ప్రయోగించెను. పిదప మూడు గంటలసేపు అతనికి పని లేదు. ఖడ్గధారి నఱకుచుండగా ఇతడు చరవాణి చూచుకొనుచుండెను. నియమములలో తప్పేమియు లేదని సూత్రధారి మాతో వాదించెను. అతనిది నిజమే.

ఈ క్రీడాజాతికి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో అమెరికాలో ప్రకటించిరి. అందు పాత్రవర్గములు మూడే: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. 1978 నాటి క్రీడాకారుల గ్రంథమున యోధుని ప్రాణబలమును 10 ముఖముల పాచికయు, మాంత్రికుని ప్రాణబలమును 4 ముఖముల పాచికయు నిర్ణయించును. అనగా తొలిశ్రేణిలో సగటున 5.5, 2.5. మాంత్రికునకు దినమున కొక్కటే మంత్రము. అతడే అయిదవ శ్రేణికి చేరి అగ్నిగోళమును విసరినచో ఆఱుముఖముల పాచికలు అయిదింటి దెబ్బ తగులును. దాని సగటు 17.5, అదియు పరిధిలోనున్న వారి కందఱికిని. యోధుని పొడవుకత్తి దెబ్బ సగటు 4.5 మాత్రమే.

నిర్మాతలకిది తెలియకపోలేదు. వారు కాలముతో తూచిరి. 1974 గ్రంథమున రెండవ శ్రేణి చేరుటకు యోధునకు 2,000 అనుభవాంకములు, మాంత్రికునకు 2,500, పురోహితునకు 1,500 కావలెను. చిన్ననాటి దైన్యమునకు పెద్దనాటి ప్రాభవము బదులు. లెక్కకిది సరిపోవును, ఆడువానికి సరిపోదు. ఆ ప్రాభవము వచ్చులోపల మాంత్రికుడు చావవచ్చును, మిత్రబృందమే చెదరిపోవచ్చును. వచ్చినచో అప్పుడు చరవాణి చూచుకొనుట యోధుని వంతగును.

1975లో దొంగ అను నాల్గవ వర్గము చేరినది. అంతకుముందు గోడ నెక్కెదనని, తాళమును పరీక్షించెదనని ఎవడైనను చెప్పవచ్చును; సూత్రధారి ఉచితమును చూచి నిర్ణయించును. ఆ విద్యలను నూటికిన్ని పాళ్లని ఒకనికి వ్రాసి యిచ్చినంతనే తక్కినవారి చేతులు కట్టుపడినవి. ఒకనికి విద్య నిచ్చుట యనగా పదుగురియొద్దనుండి దానిని తీసికొనుటయు నగునని పెక్కురు ఆలస్యముగా గ్రహించిరి.

తరువాతి కూర్పుల కథ సంగ్రహముగా చెప్పవచ్చును. 2000లో అందఱికి ఒకే అనుభవపట్టిక వచ్చినది. 2008లో అన్ని వర్గముల శక్తులను ఒకే మూసలో పోసిరి: ఎల్లప్పుడు వాడదగినవి, పోరున కొకసారివి, దినమున కొకసారివి. తూకము కుదిరినది, రుచి పోయినదని చాలమంది వాపోయిరి. 2014 కూర్పున ఆ మూసను విడిచిరి. మేకకును కోఱలు పెట్టినచో పులిజూద మేమి మిగులును?

పులిజూదమున ఎదుటివాడు ప్రత్యర్థి. ఇచ్చట అందఱును ఒకే పక్షము. కావున తూచవలసినది ఎవడెంత కొట్టెననుట కాదు, వాడు లేకున్న నడవని ఘట్టము ప్రతివానికిని కలదా యనుట. మేకకు చోటెట్లో పాత్రకు ఘట్టమట్లు. దీనిని గ్రంథకర్త కొంతవఱకే చేయగలడు. మిగిలినది సూత్రధారి పని. ఈ మాట చెప్పినప్పుడు మా మిత్రుడు అంగీకరింపలేదు, నవ్వి యూరకుండెను.

మఱుసటి శనివారము మేము మరల పోయితిమి. నియమములలో ఒక్కటియు మాఱలేదు. గుహద్వారమున సూత్రధారి ఒక శాసనమును నిలిపెను. ఆ లిపి మాంత్రికునకు తప్ప అన్యులకు తెలియదు. అతడు ఒక్కొక్క పంక్తియే చదివి చెప్పుచుండగా ఖడ్గధారి కత్తి దించి, "తరువాత నేమున్నది?" అని మూడుసారులు అడిగెను.