సంతలో సాయంత్రం 4 గంటలకి చిక్కుడుకాయ రేటు ఎందుకు పడిపోతుంది?

ఈ రోజు ఎపిసోడ్‌లో ఆదివాసీ రైతుల గురించి, వాళ్ల ఆర్గానిక్ కూరగాయల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక్కసారి ఊహించుకోండి. అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు వైపు కొండ మీద ఒక ఊరు. ఒక అక్క చీకటితోనే లేచి చిక్కుడుకాయలు కోసి, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచి వచ్చింది. పొద్దున్న వ్యాపారి కిలో 25 అన్నాడు. ఇంకాస్త చూద్దాం అనుకుంది. సాయంత్రం 4 అయింది. అదే వ్యాపారి ఇప్పుడు 12 అంటున్నాడు. ఇచ్చేసింది. ఎందుకంటే ఆ తట్ట మోసుకుని మళ్లీ కొండెక్కలేదు, ఎక్కినా రేపటికి కాయ వాడిపోతుంది. ఈ రేట్లు లెక్క కోసం చెప్పినవే, కానీ కథ మాత్రం ఇదే. పండక్కో, ఆసుపత్రికో ఆ వ్యాపారి దగ్గరే అప్పు తీసుకుని ఉంటే, ఇక బేరం ఆడే మాటే లేదు.

మనం సాయం అనగానే ఏమనుకుంటాం? వెళ్లి వాళ్లకి ఆర్గానిక్ వ్యవసాయం నేర్పాలి అని. కానీ కొండ మీద చాలా ఇళ్లు ఇప్పటికీ పశువుల పెంటతో, ఆకు ఎరువుతోనే పండిస్తాయి. మందులు కొన్ని చోట్లకి వచ్చాయి, కాదనను. అయినా అసలు లోటు పండించడంలో లేదు, అమ్మడంలో ఉంది.

అరకు కాఫీ చూడండి. 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, కాఫీ కొంటుంది. పైగా కాఫీ గింజ ఎండితే నెలల తరబడి నిల్వ ఉంటుంది. రేటు నచ్చకపోతే ఆగొచ్చు. టమాటా ఆగదు కదా! అందుకే కూరగాయ రైతుకి కావాల్సింది ఒకటే: కోయకముందే అమ్ముడైపోవాలి. అదెలా? మూడు పనులున్నాయి.

ఒకటి, పంట ఒకేసారి రాకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయంలో ఏటీఎం మోడల్ అని ఒకటుంది. ఎనీ టైమ్ మనీ అన్నమాట! సుమారు 20 సెంట్లలో ఆకుకూరలు, ముల్లంగి, బెండ, వంగ, తీగజాతులు కలిపి, రోజుల తేడాతో విత్తుతారు. ఒకటి అయిపోయేలోపు ఇంకొకటి కోతకి వస్తుంది. ముందు ఇంట్లో పిల్లలు తింటారు, మిగిలింది అమ్ముతారు.

రెండు, నమ్మకం. "ఇది ఆర్గానిక్ అని గ్యారంటీ ఏంటి?" అని మీరే అడుగుతారు. బయటి ఏజెన్సీ సర్టిఫికెట్ పేద రైతుకి ఖర్చుతో కూడుకున్న పని. దానికి బదులు పీజీఎస్ ఇండియా అనే పద్ధతి ఉంది. కనీసం 5 మంది రైతులు గ్రూపు కట్టి, ఒకళ్ల పొలం ఇంకొకళ్లు తనిఖీ చేస్తారు. దొంగచాటుగా మందు కొడితే ముందు తెలిసేది పక్క రైతుకే కదా. మారే దశలో ఉన్నవాళ్లకి పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ గుర్తు ఇస్తారు. ఇంకో విషయం, చిన్న రైతు నేరుగా తినేవాళ్లకే అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కాకపోతే జైవిక్ భారత్ లోగో వాడకూడదు.

మూడు, గ్రూపుగా అమ్మడం. విశాఖ అక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఒక్క తట్ట కోసం బండి కట్టలేరు. అదే 20 ఇళ్లు కలిస్తే బండి కిరాయి పంచుకోవచ్చు. సొంత ఎలక్ట్రానిక్ కాటా ఉంటే తట్ట లెక్కన కాకుండా కిలోల్లో అమ్మొచ్చు. దగ్గరలోని ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు వారానికి ఇన్ని కిలోలు అని ముందే మాట ఇస్తే, ఆ అక్క సాయంత్రం 4 గంటలకి భయపడక్కర్లేదు.

మరి మనమేం చేయగలం? సిటీలో ఉంటే మీ అపార్ట్‌మెంట్‌లో ఓ పది ఇళ్లు కలిసి, ఇలాంటి గ్రూపుకి వాట్సాప్‌లో ముందురోజే ఆర్డర్ పెట్టండి. "మాకు టమాటానే కావాలి" అనకండి. ఆ వారం ఏది పండితే అది తీసుకోండి. డబ్బు అదే రోజు వేసేయండి, ఎందుకంటే మీరు పది రోజులు ఆపితే వాళ్లు మళ్లీ అప్పుకే వెళ్తారు. ఒక్క నెల కొని ఆపేయకండి ఫ్రెండ్స్. మిమ్మల్ని నమ్మి విత్తనం వేసినవాళ్లు మళ్లీ అదే సంతలో, అదే వ్యాపారి ముందు నిలబడతారు.

మీ ఊరి దగ్గర ఇలాంటి రైతు గ్రూపు ఉంటే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.