మీకు తెలుసా? వైద్య గ్రంథంలో పొలం పనులు

ఇటలీలో 600 ఏళ్ల కిందట ప్రభువుల కోసం రాయించిన ఒక ఆరోగ్య గ్రంథాన్ని తెరిస్తే వైద్యుల కన్నా ఎక్కువగా కనిపించేది కూరగాయలు కోసేవాళ్లు, పాలు పితికేవాళ్లు, పిండి పిసికేవాళ్లు. వారిలో ఆడవాళ్లు చాలామంది!

ఆ గ్రంథం ‘తకూయినుమ్ సనితాతిస్’. దీనికి మూలం 11వ శతాబ్దంలో బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ అరబిక్‌లో రాసిన ఆరోగ్య పట్టికలు. వాటిలో బొమ్మలు లేవు. 14వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇటలీలోని లొంబార్డీ చిత్రకారులు పేజీకో బొమ్మ చొప్పున వేశారు.

వియన్నాలో భద్రంగా ఉన్న ప్రతిలో ఒక బొమ్మ దగ్గర కాసేపు ఆగాలి. ఒకామె బల్ల మీద పిండి ముద్దను బలంగా పిసుకుతోంది. పక్కనే ఇంకొకామె సన్నని పాస్తా పోగులను చట్రం మీద ఆరేస్తోంది. సేమియా ఆరబెట్టిన చేతులకు ఆ పని ఇట్టే అర్థమవుతుంది.

బొమ్మ కిందే వైద్యం. మనం వేడి, చలవ అనుకున్నట్టే ప్రతి పదార్థానికీ గుణం, మేలు, కీడు, విరుగుడు రాసి ఉంటాయి. వెల్లుల్లి వేడి చేస్తుందట. దానికి విరుగుడు వెనిగర్, నూనె. వైద్యుడి పేరు గ్రంథంతోపాటే నిలిచింది. బొమ్మల్లో పంట కోసే ఆడవాళ్లలో ఒక్కరి పేరూ అందులో లేదు.