బావినీరు - సరళరేఖ

పామూరు, కనిగిరి ప్రాంతము మెట్టనేల. వానలు తక్కువ. ఊటనీటికై జనులు భూగర్భమునే నమ్ముకొనవలసియుండును. ఆ భూగర్భమందలి శిలలలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీరు రాతి సందులలో నిలిచినకొలది ఫ్లోరైడు కొంచెము కొంచెముగా దానిలో కరగును. అట్టి నీటికి రంగు లేదు, వాసన లేదు. కాచినను దోషము పోదు సరికదా, నీరు ఆవిరియై తగ్గినకొలది ఫ్లోరైడు పాలు హెచ్చును. ఏండ్లతరబడి దానిని త్రాగిన పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును. పెద్దలకు కీళ్లు బిగిసి, వెన్ను వంగును. నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి గలదని 1937లో షార్టు మున్నగు వైద్యులు ప్రకటించిరి. కనిగిరి తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చినది.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఇంత స్వల్పమైన కొలతను తెలిసికొనుట ఎట్లు?

ప్రయోగశాలలో జిర్కోనియము కలిసిన యొక ఎఱ్ఱని రంగుద్రవమును నీటిలో పోయుదురు. ఫ్లోరైడు ఆ జిర్కోనియమును తనవైపు లాగికొనును; రంగు వెలియును. ఫ్లోరైడు ఎంత ఎక్కువయో రంగు అంత తక్కువ. కలరిమీటరు అను యంత్రము ఆ రంగు పీల్చుకొను కాంతిని అంకెలలో చూపును.

మొదట, తెలిసిన పాళ్లలో ఫ్లోరైడు కలిపిన నీళ్లను పరీక్షించి, ఫ్లోరైడును అడ్డముగాను, యంత్రపు అంకెను నిలువుగాను గుర్తించి చుక్కలు పెట్టుదురు. చుక్కలన్నియు ఒకే రేఖపై బుద్ధిగా నిలువవు. మనుష్యుని చేయి, గాజు గొట్టము ఏదో కొంచెము తప్పుచునే యుండును. కావున కొన్ని చుక్కలు పైకి, కొన్ని క్రిందికి ఉండునట్లు వాని నడుమ రేఖను గీయవలెను. పిమ్మట లెక్కకు తీసికొనవలసినవి రేఖమీది బిందువులే గాని, పెట్టిన చుక్కలు కావు. అవియు ఒకదానికొకటి దూరముగా నుండవలెను. దగ్గఱ బిందువులలో చదువుటలోని చిన్న పొరపాటు పెద్దదగును.

ఉదాహరణమునకు, ఫ్లోరైడును ‘ఫ’ అనియు, యంత్రపు అంకెను ‘ర’ అనియు అనుకొనుడు. రేఖపై ఫ 0.2 అయినచోట ర 0.57; ఫ 1.2 అయినచోట ర 0.42. అడ్డముగా 1.0 నడచునప్పటికి రేఖ 0.15 దిగినది. దిగుటచే దీని వాలు ఋణసంఖ్య: −0.15. రేఖ నిలువు అక్షమును 0.60 వద్ద తాకును. అది ఫ్లోరైడు బొత్తిగా లేని నీటి అంకె. ఈ రెండు సంఖ్యలతో సమీకరణము పూర్తియగును:

ర = 0.60 − 0.15 ఫ

ఇట్లు గీతను అక్షరములలో వ్రాయు మార్గమును 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు తన జ్యామితి గ్రంథమున ప్రకటించెను.

ఇక బావినీరు. అంకె 0.48 వచ్చినదనుకొనుడు. 0.60 నుండి 0.48 తీసివేయగా 0.12, దానిని 0.15చే భాగింపగా 0.8. ఆ నీరు త్రాగదగినదే.

కాని రేఖకు ఎల్ల గలదు. ఈ పద్ధతిలో 1.4 మిల్లీగ్రాములు దాటినపిదప రేఖ సరళముగా నుండక వంగును. సమీకరణములో ఫ స్థానమున 6 వేసి చూడుడు: −0.30 వచ్చును. అట్టి అంకెను ఏ రంగునీరును చూపజాలదు. అందుచేత ఫ్లోరైడు మిక్కుటమైన నీటిని ఒక పాలు తీసికొని, నాలుగు పాళ్ల స్వేదనజలము కలిపి పరీక్షింతురు. అప్పుడు అంకె 0.48 అయినచో, కలిపిన నీటిలో 0.8, అసలు బావిలో దానికి అయిదింతలు, అనగా లీటరునకు 4 మిల్లీగ్రాములు. యంత్రము చూపిన అంకె రెండుసార్లును 0.48యే. ఒక బావినీరు త్రాగవచ్చును, రెండవదానిని త్రాగరాదు.