క్యాన్సర్ నుంచి కోలుకునేవారికి శుక్ర్, సాటివారి తోడు

క్యాన్సర్ అని తేలిన ఇంట్లో మొదట వినిపించే మాట 'సబ్ర్ చేయండి'. చికిత్స కాస్త ముందుకు సాగాక వినిపించేది 'శుక్ర్ చెప్పుకోండి, ఇంతటితో గట్టెక్కారు' అన్న మాట. రెండూ మంచి మాటలే. కానీ శుక్ర్ అంటే ఏమిటి, ఒళ్లంతా విషం ఎక్కినట్టున్న రోజుల్లో అది మనిషికి ఎలా అబ్బుతుంది, దానికి చుట్టుపక్కలవాళ్లు ఏం చేయాలి అన్నది ఎవరూ విడమర్చి చెప్పరు. ముప్పై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అయ్యాక అల్లాహ్ దయవల్ల మళ్లీ బడికి వెళుతున్నదాన్ని. అందుకని ఈ సంచికకు ఈ విషయం రాయమని సంస్థ పెద్దలు అడిగారు.

ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో సహనానికీ కృతజ్ఞతకూ కలిపి ఒకే భాగం కేటాయించారు. శుక్ర్‌లో మూడు అంశాలున్నాయని వివరించారు. మేలు ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మొదటిది. ఆ ఎరుకవల్ల మనసుకు కలిగే స్థితి రెండోది. ఆ స్థితి నుంచి పుట్టే పని మూడోది. ఇది చదివినప్పుడు నాకు బి.ఇడి. తరగతి గుర్తొచ్చింది. జ్ఞానాత్మక రంగం, భావావేశ రంగం, మానసిక చలనాత్మక రంగం అని మాచేత బట్టీ పట్టించేవారు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ పండితుడికి బి.ఇడి. అవసరం పడలేదన్నమాట!

రోగికి ఈ వరుస చాలా ముఖ్యం. కీమో ఎక్కించిన మూడో రోజున మనసులో ఏ భావమూ ఉండదు. దువా చేద్దామన్నా మాట పెగలదు. 'నాలో ఈమాన్ తగ్గిపోయిందేమో' అని భయపడే ఆడవాళ్లను వార్డులో నేను చూశాను. వాళ్లకు చెప్పాల్సింది ఒకటే. భావం రాకపోయినా ఎరుక మిగిలే ఉంటుంది. ఈ పూట గంజి కాచి ఇచ్చింది ఎవరో తెలిస్తే చాలు, శుక్ర్ మొదలైనట్టే. మనసు తర్వాత తన సమయానికి తాను వస్తుంది.

ఏడవడం కూడా కృతఘ్నత కాదు. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కొడుకు మీద బెంగతో ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్న సంగతి దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆయన తన గోడును అల్లాహ్‌తోనే చెప్పుకున్నారు. అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కూడా తన బాధను దాచుకోకుండా ప్రభువుకు మొరపెట్టుకున్నారు. ప్రవక్తలకే లేని నిబంధన జగ్గయ్యపేటలో ఒక రోగి మీద పెట్టడం ఏం న్యాయం?

దీనిమీద శాస్త్రజ్ఞుల పరిశోధనలూ ఉన్నాయి. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో ఒక భాగం నరాలు, కండరాల జబ్బులున్నవారి మీద చేసినది. వాళ్లలో కొందరిచేత 21 రోజులపాటు, తాము కృతజ్ఞులుగా ఉన్న విషయాలు రోజూ రాయించారు. అలా రాసినవారు మిగతావారికంటే బాగా నిద్రపట్టిందని, మనసు తేలికగా ఉందని చెప్పారు. వాళ్లు క్యాన్సర్ రోగులు కారు, కాలం కూడా తక్కువే. అయినా నిద్ర విలువ తెలిసినవారికి అది చిన్న లాభం కాదు.

రెండో సంగతి కొంచెం జాగ్రత్తగా వినాలి. స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ డేవిడ్ స్పీగల్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన మహిళలను వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. అలా కలుసుకున్నవారు ఎక్కువ కాలం బతికారని 1989లో రాశారు. ప్రపంచమంతా సంబరపడింది. కెనడాలో పమేలా గుడ్విన్ బృందం అదే పద్ధతిని ఇంకా పెద్ద సంఖ్యలో రోగులతో పరీక్షించి 2001లో ఫలితాలు చెప్పింది. ఆయుష్షు పెరగలేదు. కానీ దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. కాబట్టి 'ధైర్యంగా ఉంటే గడ్డ కరిగిపోతుంది' అని ఎవరూ రోగికి చెప్పకండి. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ మాటే 'నేను సరిగా ధైర్యంగా లేను' అనే నిందగా మారి గుచ్చుతుంది. గడ్డ సంగతి మందులు చూసుకుంటాయి. తోడు, కృతజ్ఞత చేసే పని వేరు. ఆ మందులు తట్టుకునే ఇన్నాళ్లూ మనిషిని మనిషిగా నిలబెట్టి ఉంచుతాయి.

నేను లెసన్ ప్లాన్ నోటుబుక్కులో ఖాళీ పేజీలు చూసి పేర్లు రాసుకున్నాను. ఎదురింటి పిన్నిగారు, ఉప్పు తక్కువ వేసి బీరకాయ పప్పు. నందిగామ నుంచి మా చిన్నాడపడుచు, రెండు రాత్రులు నిద్ర కాచింది. సహోపాధ్యాయుడు ఒకాయన, నా ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దిపెట్టారు, అడగకుండానే. బస్సు కండక్టరు, ముందు సీటు ఖాళీ చేయించాడు. మస్జిద్ గల్లీలోని ఆటో అబ్బాయి, 'ఆపా, తిరుగు ప్రయాణం డబ్బులు వద్దు' అన్నాడు. పేర్లు చూస్తే అందులో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, మనవాళ్లున్నారు. మనుషులకు కృతజ్ఞత చెప్పనివాడు అల్లాహ్‌కు కూడా చెప్పనట్టేనన్న ప్రవక్త (స) బోధ భావం ఆ పేజీలు తిరగేసినప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇక దాతలకు, ఇరుగుపొరుగుకు పనికొచ్చే విషయాలు. మంచి మనసుతో చేసే సాయం కూడా వైద్యం తెలియక ఎదురు తిరగవచ్చు.

కీమో చాలామందికి 21 రోజులకొకసారి ఇస్తారు. మందు ఎక్కించిన తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు మామూలు జలుబు కూడా ఆసుపత్రిపాలు చేయగలదు. రోగిని పరామర్శించడం, మనం ఇయాదత్ అంటాం, గొప్ప పుణ్యకార్యం. కానీ ఆ వారంలో దగ్గుతూ, పిల్లల్ని వెంటేసుకుని పదిమంది గదిలో కూర్చోవడం ఇయాదత్ కాదు. గుమ్మం దగ్గర సలాం చెప్పి, ఐదు నిమిషాలుండి వెళ్లినా పుణ్యం తగ్గదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: రోగి నుంచి మీకు క్యాన్సర్ అంటదు. గ్లాసు విడిగా పెట్టాల్సిన పని లేదు.

తిండి సంగతి. మిర్చి పండే నేల మనది, కారం తగ్గించి వండడం మనకు చేతకాదు. కీమోవల్ల నోరంతా పొక్కుతుంది. మసాలా వాసనకే కడుపులో తిప్పుతుంది. ప్రేమతో పంపిన బిర్యానీ గిన్నె మూత తీయగానే నేను రెండో గదిలోకి పారిపోయిన రోజులున్నాయి. కారం లేని కిచిడీ, మెత్తటి ఇడ్లీ, పలుచటి పప్పు, ఉడికించిన గుడ్డు, ఇవి పంపండి. అంతకంటే మంచిది, 'ఈ రోజు ఏం తినబుద్ధవుతోంది?' అని ఫోన్ చేసి అడగడం.

చంకలోని గ్రంథులు తీసిన వైపు చేయి వాచే ప్రమాదం ఉంటుంది. ఆ మనిషి నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ ఎత్తకూడదు. చూడ్డానికి బాగానే ఉంది కదా అనుకుంటారు. వీధిలో ఒక కుర్రాడు రోజూ రెండు బిందెలు లోపల పెట్టిపోతే అది వేల రూపాయల సాయం. జుట్టు సంగతి పెద్దగా చెప్పను. మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు రాలిపోతుంది, చికిత్స అయ్యాక వస్తుంది. తలమీద దుపట్టా అలవాటున్న మాకు ఆ ఒక్క విషయంలో కొంత వెసులుబాటు.

రంజాన్‌లో మరో చిక్కు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి ఖుర్ఆన్ స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. తర్వాత కోలుకుని పూర్తి చేసుకోవచ్చు, అసలు చేయలేనివారికి పేదవారికి అన్నం పెట్టే ఫిద్యా మార్గం ఉంది. అయినా 'నలుగురూ ఏమనుకుంటారో' అని మందుల మధ్య రోజా ఉండి నీరసించిపోయేవారున్నారు. ఇమామ్ సాహెబులు రంజాన్‌కు ముందు జుమా ప్రసంగంలో ఈ ఒక్క మాట చెబితే, కొందరికి అది మందుతో సమానం.

డబ్బు దగ్గరికి వద్దాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డున్న పేదలకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చు భరిస్తుంది. అది లేకపోతే ఎన్ని ఇళ్లు అమ్ముడుపోయేవో. కానీ ఆ పథకం చూడలేని ఖర్చులు చాలా ఉంటాయి. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. ఒక్కో రోజు ఇచ్చేది కొద్ది నిమిషాలే. చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సెక్కి, కోదాడ, సూర్యాపేట దాటి హైదరాబాదు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం కుదరదు. గది అద్దె, తోడున్న మనిషి తిండి, ఆ మనిషి పోగొట్టుకున్న కూలి, ఇంటి దగ్గర పిల్లలు, ఇవన్నీ ఎవరు చూడాలి? క్యాన్సర్ రోగులకు చికిత్స ప్రయాణాల్లో రైల్వే మంచి రాయితీ ఇస్తుంది. స్లీపర్ క్లాసులో రోగికి పూర్తి ఉచితం, తోడు వచ్చేవారికి 75 శాతం తగ్గింపు. కానీ మన రెండు ఊళ్లవాళ్లం బస్సుల మీదే బతుకుతున్నాం, ఆ రాయితీ కోసం మధిరకో విజయవాడకో వెళ్లాలి. చికిత్స మధ్యలో మానేసే పేదవారిలో చాలామంది మానేది మందు ఖరీదుకు భయపడి కాదు, ఈ చిల్లర ఖర్చులకు.

జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలు చెప్పింది. నిరుపేదలు, అక్కరలో ఉన్నవారు, అప్పులపాలైనవారు, బాటసారులు అందులో ఉన్నారు. ఒక కూలి కుటుంబంలో క్యాన్సర్ వస్తే ఈ నాలుగు మాటలూ ఆ ఒక్క గడపకే వర్తించవచ్చు. ఎవరు అర్హులన్నది మన ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఇతర మతాల రోగులకు సదఖా ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంది.

ఇలాంటి పని మన తెలుగు నేలకు కొత్తకాదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే మనవాళ్లలో ఆ మూడక్షరాలు ఎవరివో తెలిసినవారు తక్కువ. 1955లో మొదలైన ఆ సంస్థకు మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరు అయ్యారు. బంజారాహిల్స్‌లో 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి, క్యాన్సర్‌తో పోయిన తన భార్య పేరిట ఎన్.టి. రామారావు గారు తలపెట్టినది. దాని వెనక అమెరికాలోని తెలుగు వైద్యుల శ్రమ ఉంది. వారిలో ముఖ్యులైన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు మన ఉమ్మడి కృష్ణా జిల్లా మంటాడలో పుట్టినవారే.

అయితే మనలాంటి చిన్న ఊళ్లు చూసి నేర్చుకోవాల్సింది కేరళను. కోళికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు నొప్పి ఉపశమనానికి ఒక సొసైటీ పెట్టారు. కొన్నేళ్లకు అది మలప్పురం జిల్లా పల్లెల్లోకి పాకింది. అక్కడ ముస్లింలే ఎక్కువ. కోట్లిచ్చే దాతల కోసం వాళ్లు ఎదురుచూడలేదు. దుకాణాల్లో, బడుల్లో చిన్న మొత్తాలు పోగుచేశారు. వారానికి రెండు మూడు గంటలు ఇవ్వగలిగిన మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు మంచాన పడినవారి ఇళ్లకు నర్సుతోపాటు వెళతారు, పుండు కడుగుతారు, బియ్యం ఉన్నాయా లేవా చూస్తారు, పిల్లలు బడికి వెళుతున్నారా అని అడుగుతారు. 2008లో కేరళ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారి దీనికొక విధానం ప్రకటించిందంటే ఆ వీధి మనుషుల పుణ్యమే. నందిగామలో పదిమంది, జగ్గయ్యపేటలో పదిమంది వారానికి రెండు గంటలు ఇవ్వలేరా?

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి, దాతలు అన్యథా భావించవద్దు. చికిత్స రోజుల్లో ఒకచోట చూశాను. ఊరు, సంస్థ పేరు అనవసరం. జుట్టు ఊడిన ఒక చెల్లెమ్మకు ఐదు వేల రూపాయల చెక్కు ఇస్తూ ఆరుగురు నిలబడి ఫోటో దిగారు. 'కొంచెం నవ్వమ్మా' అన్నారు. ఆమె నవ్వింది. సాయంత్రానికి ఆ ఫోటో ఆమె కూతురి అత్తవారింటి వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆ తర్వాత ఆమె ఎవరి దగ్గరా సాయం తీసుకోలేదు, మందుల షాపులో అప్పు పెట్టింది. చేసిన దానాన్ని ఎత్తిచూపి, మనసు నొప్పించి వృథా చేసుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది కదా. శుక్ర్ అనేది రోగి మనసులోంచి రావాలి. కెమెరా ముందు రాబట్టేది శుక్ర్ కాదు, రసీదు. లెక్కలకు రసీదు కావాలంటే సంతకం తీసుకోండి, ముఖం వద్దు. ఈ సంచికలో కూడా దాతల పేర్లు, అంకెలు వేయండి. తీసుకున్నవారి ఫోటోలు వేయకండి.

చివరిగా, జబ్బు రాకముందు చేయగలిగే పని ఒకటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్లు మూడూ తొలిదశలో పట్టుకోగలిగినవే. గుట్కా, ఖైనీ నమిలే మగవాళ్ల నోట్లో మానని పుండును డాక్టరు టార్చిలైటుతో చూడగలడు. ఆడవాళ్లకే ఇబ్బంది. సిగ్గుతో నెలలు గడిపేస్తారు. మహిళా డాక్టరు, ఒక తెర, గడియపడే తలుపు, బయట కాపలాకు ఒక పెద్దావిడ ఉంటే తప్పక వస్తారు. మా బడిలో ఆదివారాలు ఖాళీగా ఉండే గదులున్నాయి. హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. డాక్టరమ్మ ప్రయాణపు ఖర్చు, పరీక్షల ఖర్చు సంస్థ చూసుకుంటే మిగతా ఏర్పాట్లు మేం ఉపాధ్యాయినులం చూసుకుంటాం.