ఆకాశంలో కుంపటి

మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళకి నేను చిన్న విమానం నడుపుతానని తెలియగానే రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది "భయం వెయ్యదూ?" అని. రెండోది, మేముండేది మిన్నెసోటా కాబట్టి, "చలి వెయ్యదూ?" అని. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోదానికి ఇదివరకు "హీటరుంటుందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. ఆ హీటరు వేడిని ఎక్కణ్ణుంచి తెస్తుందో మా మామగారి మూలంగా బాగా తెలిసొచ్చాక, అలా తేల్చెయ్యటం మానేశాను.

నేను నడిపేది సెస్నా 172. నాలుగు సీట్లు, ముందు ఒక ఇంజను, ఒక ప్రొపెల్లరు. లోపల మారుతి 800లో ఉన్నంత చోటు కూడా ఉండదు. గోడ అంటే మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకు, దాని లోపల ఒక పలచటి మెత్త. తలుపుల అంచుల్లోంచీ, రెక్క అతికిన చోటునుంచీ గాలి సన్నగా కోస్తూ వస్తుంది. పైకి పోయేకొద్దీ వెయ్యి అడుగులకి సుమారు 2 డిగ్రీల సెల్సియస్ చొప్పున చలి పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఊళ్ళో నిర్మలంగా ఉన్న జనవరి ఉదయాల్లో ఇది ఒక్కోసారి తిరగబడుతుంది. రాత్రంతా మంచు నేల చల్లబడిపోయి, రెండు వేల అడుగుల ఎత్తున కింద కంటే వెచ్చగా ఉంటుంది. వెచ్చన అంటే సున్నాకి కింద 20కి బదులు 12 అన్నమాట.

మనం ఇండియాకి వెళ్ళే పెద్ద జెట్ విమానాలకి ఈ బాధ లేదు. వాటిలో చాలావాటికి ఇంజనులో నొక్కుడుపడ్డ గాలి దానంతటదే వేడెక్కి ఉంటుంది, అందులోంచి కాస్త పక్కకి తీసి, చల్లార్చి లోపలికి పంపుతారు. కారులోనైతే ఇంజనుని చల్లబరిచిన నీళ్ళే మన కాళ్ళని వెచ్చబెడతాయి. సెస్నా ఇంజనుకి నీళ్ళు లేవు, రేడియేటరు లేదు, గాలే దాన్ని చల్లబరుస్తుంది. పోనీ కరెంటు హీటరు పెట్టుకుందామా అంటే, ఈ రకం విమానంలో ఆల్టర్నేటరు 28 వోల్టుల దగ్గర 60 ఆంపియర్లు ఇస్తుంది. గుణిస్తే 1,680 వాట్లు. మన ఇంట్లో గది మూల పెట్టుకునే చిన్న హీటరు ఒక్కటే 1,500 వాట్లు తాగుతుంది. రేడియోలకీ దీపాలకీ ఇక మిగిలేది ఏమీ లేదు.

కనక మిగిలిన దారి ఒక్కటే, ఇంజను పొగగొట్టం. దీన్ని అర్థం చేసుకోవాలంటే మన ఇళ్ళల్లో ఉండే రాగి నీళ్ళ బాయిలర్ని గుర్తు తెచ్చుకోండి. మధ్యలో నిలువు గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. నిప్పు నీళ్ళని తాకదు, గొట్టం గోడ గుండా వేడి మాత్రం దాటుతుంది. విమానంలో బొగ్గుల గొట్టం స్థానంలో మఫ్లరు ఉంటుంది. సిలిండర్లలోంచి 700, 800 డిగ్రీల వేడితో బయటికొచ్చే పొగ అందులోంచే పోతుంది. దాని చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. ముక్కు దగ్గర దూరిన చల్లగాలి ఈ తొడుగుకీ మఫ్లరుకీ మధ్య సందులో తిరిగి, వేడెక్కి, రబ్బరు గొట్టంలోంచి కాబిన్‌లోకి వస్తుంది. డాష్‌బోర్డు మీద "కాబిన్ హీట్" అనే మీట లాగితే ఆ గాలికి తలుపు తెరుచుకుంటుంది. పక్కనే ఉండే "కాబిన్ ఎయిర్" మీటతో చల్లగాలి కలుపుకోవచ్చు, స్నానానికి వేణ్ణీళ్ళు తొలుపుకున్నట్టు. మంచి ఏర్పాటే. పెట్రోలు ఖర్చు లేదు, విరిగిపోయే యంత్రమూ లేదు. పైపర్ సెనెకా లాంటి కొన్ని రెండింజన్ల విమానాలకి ముక్కులో ఇంజను ఉండదు కాబట్టి, పెట్రోలు మండించే వేరే పొయ్యి పెడతారు. దానికి దాని తిప్పలున్నాయి, అది ఇక్కడ వద్దు.

ఈ ఏర్పాటుకి ఉన్న అలవాట్లు తెలుసుకుంటే చలికాలం సగం గడిచినట్టే. నేల మీద మెల్లగా దొర్లుతున్నప్పుడు గాలి జోరు ఉండదు, పొగ కూడా అంత వేడిగా ఉండదు, కాబట్టి హీటరు నామమాత్రం. ఎగిరాక బాగా పనిచేస్తుంది. దిగటానికి ఇంజను తగ్గించగానే మళ్ళీ చల్లబడిపోతుంది, సరిగ్గా వేళ్ళు బాగా కదలాల్సిన వేళకి. వేడి ముందు సీట్ల వాళ్ళ పాదాల దగ్గరే ఎక్కువ తగులుతుంది. వెనక వాళ్ళకని చెరో పక్కా ఒక గొట్టం వేశారు కానీ అది వాళ్ళ మోకాళ్ళ దాకా కూడా రాదు. ముందు కూచున్నవాడు కోటు విప్పుతుంటే వెనక కూచున్నవాడు శాలువా కప్పుకుంటూ ఉంటాడు. నేను ఎక్కేముందు అందరి బూట్లకీ అంటిన మంచుని చీపురుతో దులిపిస్తాను. మర్యాద అనుకుంటారు గానీ, ఆ మంచు లోపల కరిగి, ఊపిరి తేమతో కలిసి కిటికీ లోపలి వైపు గడ్డకడుతుంది. అప్పుడు ఉన్న కాస్త వేడిగాలీ అద్దం తుడవటానికే సరిపోతుంది.

ఇంజనుకీ చలే. సున్నాకి కింద 6, 7 డిగ్రీలు దాటితే ముందుగా వెచ్చబెట్టి గానీ స్టార్టు చెయ్యకూడదు, ఎందుకంటే నూనె చిక్కబడి ఉంటుంది. అలాస్కాలో పాతకాలపు పైలట్లు రాత్రి ఇంజను నూనెని డబ్బాలోకి వంపుకుని ఇంట్లో పొయ్యి పక్కన పెట్టుకునేవారు. మేము రాత్రంతా కరెంటు తీగ తగిలించి ఉంచుతాం.

ఇక మా మామగారి సంగతి.

కాకినాడ నుంచి వచ్చిన ఆయన్ని కొన్నేళ్ళ క్రితం ఒక జనవరిలో డులూత్ తీసుకువెళదామని బయలుదేరాను. గడ్డకట్టిన సుపీరియర్ సరస్సుని పైనుంచి చూపించాలని నా సరదా. గంటంపావు ప్రయాణం. పక్క సీట్లో మా ఆవిడ, వెనక ఆయన, నెత్తిన మంకీ క్యాపు, దాని మీద హెడ్‌సెట్టు. బయట సున్నాకి కింద 17. వెనక ఆయనకి చలేస్తుందని హీటు మీట పూర్తిగా లాగి, చల్లగాలి మీట పూర్తిగా మూసేశాను. అరగంట అయ్యాక "కాస్త తలనొప్పిగా ఉందోయ్, పొద్దున్న కాఫీ సరిగ్గా పడలేదు" అన్నారు. నాకూ కణతల దగ్గర నొప్పిగానే ఉంది, హెడ్‌సెట్టు బిగువనుకున్నాను. మరో పది నిమిషాలకి "మామయ్యగారూ, కింద ఆ నది చూశారా?" అంటే జవాబు లేదు. మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "నాన్న నిద్రపోతున్నారు" అంది. సరస్సు చూడటానికి వారం రోజుల నుంచి ఎదురుచూస్తున్న మనిషి!

డాష్‌బోర్డు మీద అతికించిన అట్టముక్క వైపు అప్పుడు చూశాను. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే నారింజరంగు చుక్క నల్లబడాలి. ఇది ఏ రంగో చెప్పలేనట్టుగా ఉంది. అంచున రాసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ విమానం మేము పదిమందిమి కలిసి వాడుకునే క్లబ్బుది, అట్ట మార్చటం ఎవరి పనో ఎవరికీ తెలియదు. నేను మాత్రం అడిగానా?

హీటు మీట మూసేశాను. చల్లగాలి మీటలూ, రెక్క దగ్గరి వెంట్లూ అన్నీ తెరిచాను. కిటికీ మాత్రం తెరవలేదు. పారుతున్న గాలికి కిటికీ తెరిస్తే లోపలి గాలి బయటికి లాగుకుపోయి, ఆ లోటు తీర్చటానికి ఇంజను వైపు సందుల్లోంచి పొగ మరింత దూరవచ్చు. ఎదురుగా వచ్చే వెంట్లు తెరిస్తే మంచి గాలి లోపలికి నెట్టుకొస్తుంది. కంట్రోలర్‌కి చెప్పి, దారిలో ఉన్న చిన్న విమానాశ్రయానికి ముక్కు తిప్పాను. ఆ పన్నెండు నిమిషాల చలి నేను మాటల్లో చెప్పలేను. మా ఆవిడ వెనక్కి వంగి తండ్రి చెంపలు తడుతూనే ఉంది. చక్రాలు నేలని తాకేవేళకి ఆయన కళ్ళు తెరిచి, విసుగ్గా, "తలుపు వెయ్యండర్రా" అన్నారు.

ఆసుపత్రిలో మొదట వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజను 98 శాతం చూపించింది. "హమ్మయ్య" అన్నాను నేను. డాక్టరు తల అడ్డంగా ఊపింది. ఆ క్లిప్పు రక్తం ఎరుపుని బట్టి లెక్క కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది, మామూలు క్లిప్పుకి తేడా తెలియదు. రక్తం తీసి పరీక్ష చేస్తే గానీ బయటపడలేదు. ఈ వాయువు మన హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది మామూలు గాలిలో సగానికి తగ్గటానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కు పెట్టి శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంటా, గంటన్నర. ముగ్గురికీ మాస్కులు పెట్టారు. మామగారు తేరుకున్నాక అన్న మొదటి మాట: "పురిటిగదిలో కుంపటి పెట్టినప్పుడు తలుపు ఓరగా ఉంచమని మా అమ్మ అరిచేది. నువ్వు కుంపటి పెట్టి తలుపులన్నీ మూశావోయ్!"

నిజమే. నిప్పు లేనిదే పొగ రాదంటాం గానీ, ఇది పొగలా కనిపించదు, వాసన రాదు. పైగా విమానం ఇంజనుకి కారుకున్నట్టు పొగని శుభ్రంచేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉండదు. పెట్రోలులో సీసం ఉంటుంది కాబట్టి పెట్టినా చెడిపోతుంది. మెకానిక్ ఆ మఫ్లరు తొడుగు విప్పి చూస్తే, అతుకు పక్కన గోరంత పొడుగు చీలిక. ఒక్కో ప్రయాణానికీ ఎర్రగా కాలి, మళ్ళీ గడ్డకట్టే చలికి చల్లబడి, ఆ పలచటి స్టీలు రేకు అలసిపోయింది. తొడుగు విప్పకుండా పైపైన చూస్తే అది కనబడదు. వెయ్యి గంటలు వాడిన మఫ్లరుని మార్చెయ్యమని ఎఫ్.ఏ.ఏ. 2010లో సలహా ఇచ్చింది. సలహాయే, నిబంధన కాదు.

నేను అదృష్టవంతుణ్ణి. 1997 డిసెంబరులో కాన్సాస్‌లో ఒక డాక్టరు పైపర్ కొమాంచీలో ఒంటరిగా పోతూ స్పృహ తప్పాడు. విమానం ఆటోపైలట్ మీదే పోయి పోయి, పెట్రోలు అయిపోయి, మిస్సోరీలో ఒక పొలంలో తనంతట తనే దిగింది. ఆయన బతికాడు. 2019 జనవరి 21న ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలిన పైపర్ మాలిబులో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సలాకి ఆ అదృష్టం లేకపోయింది. అతని రక్తంలో ఈ వాయువు 58 శాతం ఉందనీ, పైలట్ మీద కూడా దాని ప్రభావం ఉండి ఉంటుందనీ బ్రిటిష్ దర్యాప్తులో తేలింది. అమెరికాలో 1982, 2020 మధ్య ఇలాంటివి 31 ప్రమాదాలు, 42 మంది మృతులు అని రవాణా భద్రతా మండలి లెక్క. వాటిలో ఒక్క విమానంలోనే పసిగట్టే సాధనం దొరికింది, అదీ అరిచే రకం కాదు. ఇలాంటి విమానాలన్నిటికీ ఆ సాధనం తప్పనిసరి చెయ్యమని ఆ మండలి 2004లో అడిగింది, 2022లో మళ్ళీ అడిగింది.

ఇంటి గోడకి పెట్టుకునే అలారం తెచ్చి పెడితే చాలదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. చాలదు. అది పది లక్షల్లో 70 భాగాల దగ్గర అరవటానికి గంట నుంచి నాలుగు గంటల దాకా ఆగవచ్చు. ఈలోగా నేను డులూత్‌లో దిగిపోతాను, లేదా దిగను. విమానం కాబిన్‌కి పెట్టిన హద్దు ఇరవై వేలలో ఒక వంతు, అంటే పది లక్షల్లో 50. అందుకని అంకెలు చూపించి వెంటనే అరిచేది కొన్నాను, హెడ్‌సెట్టు పెట్టుకున్నా వినబడేలా అరుస్తుంది. తోక వైపునుంచి గాలి వీస్తూ నేల మీద ఆగి ఉన్నప్పుడు 8, 10 చూపిస్తుంది, సొంత పొగే వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి. ఎగిరాక సున్నాకి దిగాలి. దిగకపోతే నేనే దిగుతాను.

క్లబ్బు మఫ్లరు మార్చింది. ఏటా తనిఖీలో తొడుగు విప్పి చూడమని రాతపూర్వకంగా పెట్టించాను. హీటు మీటని మాత్రం ఇప్పటికీ సగమే లాగుతాను, చల్లగాలి మీట ఎప్పుడూ అంగుళమైనా తెరిచి ఉంచుతాను. వెనక సీటు ఇదివరకటి కంటే చల్లగానే ఉంటుంది. అక్కడ రెండు రగ్గులు పెట్టాను, ఒకటి కాళ్ళ కిందకి, ఒకటి మీదకి.